ఎదురుగా కూర్చున్నవాడికి ఉత్తరం

దారెస్సలాం, కరియాకూ
ఫిబ్రవరి 9

వదినా, కిబీబీ,

సలాం. నువ్వూ అన్నయ్యా క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. జ్వరం అనుకుని హడలిపోకు.

ఎనిమిది నెలలుగా నాకు మాట రావడం లేదు. నోటి మాట సంగతి కాదు, అది చచ్చేదాకా ఆగదని నీకు తెలుసు. కంగా గుడ్డ అంచు మీద అచ్చువేసే మాట. ఇరవై రెండేళ్లు రాశానా! ‘నా గుమ్మం చూసి నవ్వకు, నీ కప్పు కారుతోంది’ అన్నది కట్టుకుని టాంగా నుంచి మొంబాసా దాకా సవతులు సవతుల ముందూ, తోటికోడళ్లు తోటికోడళ్ల ముందూ ఎలా తిరిగారో నువ్వూ విన్నావు. ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే పక్కవీధిలో బస్సు కూత తప్ప ఏమీ వినపడదు. పోయిన నెల పళ్లు బిగించి మూడు రాసి, కంగాలు అచ్చు వేయించి అమ్మే కొట్టుకి పట్టుకెళ్లాను. వసన్‌జీ సేఠ్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివాడు. "మంచి మాటలే తౌసీ. బడి గోడ మీద రాయించొచ్చు. ఆడవాళ్లు మాత్రం నడుముకి చుట్టుకోరు" అన్నాడు.

నా మొహం చూసి ఆయన భార్య మంగళాబెన్ కొట్టు వెనక్కి లాక్కెళ్లింది. "పొద్దున్నే మా హాలుకి రావే. యోగా క్లాసు పెట్టారు. ఒళ్లు వదులైతే బుర్ర కూడా వదులవుతుంది" అంది.

వెళ్లాను. పద్నాలుగు మంది ఆడవాళ్లం, అందరికంటే లావు నేనే. మాస్టారు లీలాధర్‌గారికి డెబ్బై దాటాయి, ఒళ్లంతా ఎండు కొబ్బరాకు. అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, "ఇది శవాసనం. మనసు ఖాళీ చెయ్యండి" అన్నాడు.

"మాస్టారూ, నాది ఎనిమిది నెలలుగా ఖాళీయే. నింపే ఆసనం ఏదైనా ఉంటే చెప్పండి" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "రోజూ రా" అన్నాడు.

రోజూ వెళ్తున్నాను. క్లాసు అయిపోగానే చెప్పులు తగిలించుకుని, ఎవరితోనూ మాట కలపకుండా, ఎక్కడ కారిపోతుందోనని నిండు బిందె మోస్తున్నట్టు ఇంటికొచ్చి కాగితం తీస్తాను. బిందెలో చుక్క ఉండదు.

నీ
తౌసీ

టాంగా, న్గమియాని
ఫిబ్రవరి 24

మరదలా,

నీ ఉత్తరం చదువుతూ చేప మాడబెట్టాను. పద్నాలుగు శవాల మధ్య నువ్వు లావుపాటి శవంలా పడుకుని మాస్టారితో వాదించడం తల్చుకుంటే నవ్వాగలేదు.

ఒళ్లు వంచడం నేర్చుకోవడానికి చందా కట్టి మరీ వెళ్తున్నావా తల్లీ? మీ ఇంటి కోడలినై వచ్చిన రోజు నుంచీ నేను ఉచితంగా వంగుతూనే ఉన్నాను, ఒక్క మాస్టారూ మెచ్చుకోలేదు.

ఇక్కడ వానలు ఇంకా రాలేదు. పక్కింటి మ్వజుమా రెండో కూతురికి సంబంధం కుదిరింది. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. రేవులో పని డిసెంబరుతో అయిపోయింది కదా, ఇంటి పట్టునే ఉంటున్నాడు. పెట్టింది తింటున్నాడు.

మాటలు రాకపోతే చావవు. నా మాటలు అరువిస్తాను, నా దగ్గర వాడకుండా పడి ఉన్నాయి.

కిబీబీ

లుషోటో
ఏప్రిల్ 3

వదినా,

కొండ మీద ఉన్నాను! ఇక్కడ చలి, బేరికాయలు, పొద్దున్నే మంచు. నైరోబీ నుంచి న్యాంబురా అని ఒకావిడ వచ్చి ఆరు రోజుల శిబిరం పెట్టింది. మంగళాబెన్ చెప్పీ చెప్పకముందే పేరు రాయించేశాను. ఒకే హాలు, అదే పద్నాలుగు మంది, అదే కప్పు చూస్తే నాకేం తడుతుంది? మనిషి కదలాలి అనిపించింది.

ఇక్కడ బ్యాంకులో పనిచేసేవాళ్లూ, ఇద్దరు నర్సులూ, మొగుణ్ణి వదిలేసిన ఒక స్వీడన్ పిల్లా ఉన్నారు. పొద్దున ఆసనాలు, మధ్యాహ్నం మాటాడకుండా అడవిలో నడక. సాయంత్రం న్యాంబురా కాగితాలు పంచి, "మీ లోపల ఉన్నది రాయండి" అంటుంది. మొదటి రోజు అందరూ ఏడుస్తూ రాశారు. నేను ఉల్లిపాయలు, కిరసనాయిలు, కొబ్బరికాయలు రెండు అని రాసి మడిచేశాను. నా లోపల అవే ఉన్నాయి.

మూడో రోజుకే కాళ్లు లాగడం మొదలుపెట్టాయి. కొండ దగ్గరగా వచ్చి మీద కూర్చున్నట్టుంది. నర్సు ఒకామె జంజిబార్‌లో, జంబియానీ తీరాన, సముద్రం ఎదురుగా క్లాసులు జరుగుతాయంది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ కళ్లు మూస్తే సముద్రమే. దారిలో ఉన్నప్పుడు నాకు ఏదో వచ్చేస్తుందనిపిస్తుంది వదినా. చేరాక అది ఇంకో ఊరికి పారిపోతుంది.

సెగెరా దగ్గర బస్సు మీ వైపు కాకుండా ఇటు మళ్లింది. దిగి టాంగా బండి ఎక్కుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. శిబిరం మొదలైపోతుందని దిగలేదు. తప్పుగా అనుకోకు.

‘ఉచితంగా వంగుతూనే ఉన్నాను’ అన్న నీ మాట సేఠ్‌కి ఇవ్వనా? అన్నయ్య ఎలా ఉన్నాడో నిజంగా రాయి. పోయినసారి ఒక్క ముక్కలో తేల్చేశావు.

తౌసీ

టాంగా
ఏప్రిల్ 19

తౌసీ,

సెగెరా నుంచి మా గుమ్మానికి గంటన్నర. శ్వాస ఎలా పీల్చాలో నేర్చుకోవడానికి కొండెక్కావు, ఊపిరాడని ఇంటికి రాలేకపోయావు. రాసేశాను, కొట్టెయ్యను. కోపం వస్తే రానీ.

వంగడం గురించిన ఆ మాట తీసుకో. అది నవ్వులాట మాట, వీధిలో ఎవరి నోటైనా వస్తుంది.

మీ అన్నయ్య సంగతి అడిగావు. ఫోనులో చెప్పలేదంటే, ఫోను ముందుగదిలో ఉంది, ఆయనా ముందుగదిలోనే ఉన్నాడు. తౌసీ, ఆయన నాతో మాట్లాడి నాలుగు నెలలైంది. మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేది! రేవులో చివరి రోజు ఒక గోడ గడియారం ఇచ్చి పంపారు. దాన్ని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఇంతే, అప్పటి నుంచీ. అన్నం పెడితే తింటాడు. మసీదుకి వెళ్తాడు, అక్కడ సలాం అంటే సలాం అంటాడట. ఇంట్లోకొస్తే పెదవి విప్పడు. మొదట్లో బతిమాలాను, తర్వాత తిట్టాను, తర్వాత నేను కూడా మానేశాను. మొన్న ఉప్పు ఎక్కువ వేసి చూశాను, కావాలనే, రెండు గుప్పిళ్లు. మొత్తం తినేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నాకు భయమేసింది.

నీకైతే దారెస్సలాంకి రాస్తాను, లుషోటోకి రాస్తాను. ఎదురుగా కూర్చున్నవాడికి ఉత్తరం ఎలా రాయను?

ఇది చదివి పొయ్యిలో పెట్టు.

కిబీబీ

జంబియానీ, జంజిబార్
జూన్ 2

బంగారు వదినా,

వచ్చాయి! మాటలు వచ్చాయి!

ఇక్కడికొచ్చి తొమ్మిది రోజులు. పొద్దున సముద్రం వెనక్కి వెళ్లినప్పుడు తడి ఇసుక మీదే చాపలు పరుచుకుంటాం. నాలుగో రోజు శవాసనంలో ఉండగా, నాచు ఏరే ఆడవాళ్లు దూరంగా అరుచుకుంటుంటే, లోపల ఏదో తలుపు తీసినట్టయింది. లేచి చాప కూడా చుట్టలేదు. పరుగెత్తుకెళ్లి రాశాను. ఒకటి కాదు, పన్నెండు! మర్నాడే పడవ మీద సేఠ్‌కి పంపించేశాను. సేఠ్ కబురు కూడా వచ్చేసింది, ఒకదాన్ని వెంటనే మిల్లుకి ఇస్తున్నాడట, ఎర్ర అంచుతో.

అన్నయ్య సంగతి చదివి బాధపడ్డాను. మగవాళ్లు ఉద్యోగం దిగాక అలా కొన్నాళ్లు ముడుచుకుంటారు. నువ్వు పొద్దున్నే పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చో, ముక్కు ఎడమవైపు నుంచి పీల్చి కుడివైపు నుంచి వదులు. చాలా తేడా వస్తుంది.

ఇంకో వారం ఉండి వస్తాను. లాములో కూడా ఎవరో శిబిరం పెడతారట.

నీ తౌసీ

టాంగా
ఆగస్టు 11

తౌసీగారికి,

మీరు జంబియానీ తీరాన కనుగొన్న మాట మా ఊరు చేరింది. మ్వజుమా కూతురి పెళ్లికి వీధి ఆడవాళ్లమంతా ఒకటే రకం కంగా కట్టుకోవాలని తీర్మానించారు. మ్వజుమా స్వయంగా బజారుకెళ్లి ఎంచి తెచ్చింది. ఎర్ర అంచు. నా జత నాకు తెచ్చిచ్చి, "మీ ఆడపడుచుదేనట, ఈసారి ఎంత మాట రాసిందో చూడు" అంది. విప్పి చూశాను.

‘ఎదురుగా కూర్చున్నవాడికి ఉత్తరం ఎలా రాయను?’

నలభై మంది నడుముల మీద, తౌసీ. నలభై మంది! కట్టుకోనంటే ఎందుకని అడుగుతారు, అందుకని కట్టుకున్నాను. మా ఇంట్లో మాటల్లేవని ఈ వీధికి తెలియదనుకున్నావా? ఎవరైనా నవ్వి ఉంటే మొహం మీద సమాధానం చెప్పేదాన్ని. ఒక్కరూ నవ్వలేదు. జాలిగా చూసి, నా పళ్లెంలో ఇంకాస్త పిలావు వేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. నేను దాటి లోపలికెళ్తుంటే నా వీపు మీద అచ్చు చదివాడు. రేవులో ముప్పై ఏళ్లు బేళ్ల మీద గుర్తులు చదివిన కళ్లు. చదివి, ఏడు నెలల తర్వాత మొదటిసారి, నాతో మాట్లాడాడు.

"ఇది నీ మాట" అన్నాడు.

నేను కాదనలేదు.

"వీధంతా నా నోరు నడుముకి చుట్టుకుని తిరుగుతోంది" అన్నాడు. మర్నాడు పొద్దున చిన్న పెట్టె పట్టుకుని పంగానీ బస్సెక్కాడు. ఆయన చిన్నాన్న కొడుకు హతీబు ఇంట్లో ఉన్నాడని కబురొచ్చింది.

మాట్లాడకపోయినా మనిషి ఉండేవాడు. ఇప్పుడు గడియారం ఉంది.

నువ్వు ఇసుకలో పడుకుంటే తలుపేదో తెరుచుకుందన్నావు. ఆ తలుపు నా కవరు. పొయ్యిలో పెట్టమన్న కాగితం మిల్లుకి పంపావు. నాకిక రాయకు.

కిబీబీ

దారెస్సలాం
ఆగస్టు 20

వదినా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను.

జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. ఆ రోజు శవాసనంలో నాకేమీ తెరుచుకోలేదు. అందరూ ప్రశాంతంగా పడుకున్నారు, నా కాళ్లు మాత్రం చీమలు పట్టినట్టు కదులుతున్నాయి. ఇంటికి వట్టి చేతులతో వెళ్లాలి కదా అన్న భయంలో నీ మాట గుర్తొచ్చింది. నీ ఉత్తరం నేను కాల్చలేదు. సంచిలోనే ఉంది. ముందు నీ మాట రాశాను. రాశాక చెయ్యి ఊపందుకుని ఇంకో పదకొండు వచ్చాయి. అవి నావి. సేఠ్ పదకొండూ పక్కన పెట్టి నీదే తీసుకున్నాడు. నిన్ను అడగాలని తెలుసు. అడిగితే వద్దంటావనీ తెలుసు. అందుకే అడగలేదు.

నీకు ముక్కుతో గాలి పీల్చమని సలహా ఇచ్చాను చూడు, ఆ ఉత్తరం రాసేటప్పటికే నీ మాట పడవ దాటి సేఠ్ చేతిలో ఉంది. అది తల్చుకుంటే సిగ్గుతో ఒళ్లు కాలిపోతోంది.

నిన్న సేఠ్ దగ్గరికెళ్లి ఇక అచ్చు ఆపమన్నాను. "ఎలా ఆపనమ్మా, కొమొరోస్ దీవుల దాకా వెళ్లిపోయింది" అన్నాడు. ఆ మాట నాది కాదు, మా వదినదని చెప్పాను. కొట్లో ఆరుగురు ఆడవాళ్లున్నారు, వాళ్ల ముందే చెప్పాను. సేఠ్ గుడ్డలు సర్దుకోవడంలో పడ్డాడు. మంగళాబెన్ మాత్రం, "ఇన్నాళ్లూ క్లాసు అవ్వగానే పారిపోయేదానివి. మేమంతా అక్కడే అరగంట కూర్చుని మాట్లాడుకుంటాం, నీకొక్కదానికే తెలియదు" అంది. ఎందుకందో ఇంటికొచ్చాక అర్థమైంది.

లాము వెళ్లడం లేదు. పంగానీ వెళ్తున్నాను.

తౌసీ

పంగానీ
ఆగస్టు 29

వదినా,

ఊరుకుంటానన్నాను, మాట తప్పుతున్నాను. ఇది చదివి నువ్వేం చేసినా సరే.

అన్నయ్య నది ఒడ్డున బల్లకట్టు ఆగే చోట కూర్చుని ఉన్నాడు. హతీబు చెప్పాడు, రోజూ పొద్దున్నుంచి అక్కడేనట. పక్కన కూర్చున్నాను.

"ఎవరు పంపారు?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు. వదిన నాకు ఉత్తరం కూడా రాయొద్దంది."

"మంచి పని చేసింది."

బల్లకట్టు ఒకసారి వెళ్లి వచ్చింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నమ్ము, నేనే.

"అది మీ వదిన మాటని చూడగానే తెలిసింది. నీ రాతల్లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని దెప్పడం ఉంటుంది. అందులో దెప్పు లేదు. అందుకే తగిలింది" అన్నాడు.

ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు నది వైపు తిరిగి, "ఆ క్లాసుల్లో ఏం చేస్తారే?" అన్నాడు.

"కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెడతాం."

"లెక్కపెట్టడమా? దానికి మీరు డబ్బు కడతారా? నాకు ముప్పై ఒక్క ఏళ్లు జీతమిచ్చారు కదే!" అని నవ్వాడు. అన్నయ్య నవ్వు, వదినా. గొంతులో తుప్పు పట్టి ఉంది గానీ, నవ్వే.

"ఏదీ, ఎలాగో చూపించు" అన్నాడు. చూపించాను. మనసులో లెక్కపెట్టాలని చెప్పేలోపే ఆయన గొంతెత్తి అందుకున్నాడు. మోజా, మ్బిలి, తాతు... రేవులో కిత్తనార బేళ్లు లెక్కపెట్టే ఆ పెద్ద గొంతు. బల్లకట్టు మీద జనం తిరిగి చూశారు. పదికి చేరేసరికి ఆగిపోయాడు. కళ్లు మూసుకునే చెప్పాడు:

"చివరి రోజు ఇంటికెళ్లగానే మీ వదిన అడిగింది, ‘ఇంకేం చేస్తావు?’ అని. జవాబు లేదు నా దగ్గర. దొరికాక మాట్లాడదామనుకున్నాను. రేపు దొరుకుతుంది, ఎల్లుండి దొరుకుతుంది అనుకున్నాను. నెల దాటాక, ఇప్పుడు ఏ మొహంతో నోరు విప్పను అనిపించింది. ఉప్పు ఎక్కువైన రోజు విప్పబోయాను. మీ వదిన నన్నే చూస్తోంది. తప్పు చెప్తానేమోనని తినేశాను."

ఇందులో ఒక్క అక్షరం నేను కల్పించలేదు. ఇది నీకు రాయొచ్చా అని ఆయన్ని అడిగాను. "ఈసారి అడిగావు" అన్నాడు, తలూపాడు.

తౌసీ

టాంగా
సెప్టెంబరు 18

తౌసీ,

మంగళవారం బస్సుకి వచ్చాడు. పెట్టె గుమ్మంలో పెట్టి నిలబడ్డాడు. నేను వంటింట్లోంచి కదలలేదు.

"జవాబు ఇంకా దొరకలేదు కిబీబీ" అన్నాడు.

"నేను ప్రశ్న అడగలేదయ్యా. రేపటి నుంచి రోజంతా ఇంట్లో ఇద్దరం ఏం చేస్తామోనని భయమేసి అన్నాను. ‘నాకూ భయంగానే ఉంది’ అంటే సరిపోయేది" అన్నాను.

ఆ తర్వాత ఆయన కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఎనిమిది నెలల తిట్లు ఉన్నాయి కదా, వరసగా తిట్టాను. దేనికీ అడ్డం రాలేదు గానీ, మధ్యలో రెండుసార్లు, "అది నిజం కాదు" అన్నాడు. ఆ రెండు మాటలకే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎక్కువ మాట్లాడడు ఇప్పటికీ. కూరలో ఉప్పుందో లేదో చెప్తున్నాడు.

మీ సేఠ్ నుంచి నాకు కాగితం వచ్చింది. ఇంకో రెండు మాటలు పంపమని, కింద నా పేరే వేస్తానని. వద్దని రాశాను. నా వంటింట్లో నేనన్నవి వంటింట్లో ఉన్నవాళ్లకే. నీకు నా మాట కావాలంటే వచ్చి నా ఎదుట కూర్చుని విను, ‘ఇది తీసుకోనా వదినా’ అని నా మొహం చూసి అడుగు. నీ దగ్గర ఎప్పుడూ మాటలు లేవు తౌసీ. చెవులున్నాయి. నీళ్ల కుళాయి దగ్గరా, పెళ్లి పందిట్లోనూ కూర్చుని విన్నావు, అందుకే ఇరవై రెండేళ్లు రాశావు. తర్వాత నీ ఊపిరి నువ్వే వినడానికి ఊళ్లు తిరిగావు.

అయితే ఒక సంగతి. నువ్వు కొండెక్కానని రాసినప్పుడు నీ మీద మండిపడ్డాను గదా, ఆ మంటలో సగం అసూయ. పెళ్లై వచ్చాక నేను ఈ ఊరు దాటి వెళ్లింది రెండు చావులకీ, ఒక కాన్పుకీ. మీ అన్నయ్య తిరిగొచ్చాడని వీధంతా సంతోషించాక నాకు ఒకటే తోచింది. ఇప్పుడు ఇల్లు చూసుకోవడానికి మనిషి ఉన్నాడు.

నిన్న టికెట్ కొన్నాను. "ఎక్కడికి?" అన్నాడు. చెప్పాను. "మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నాడు.

"జవాబు దొరికాక చెప్తాను" అన్నాను.

ఆయనే వెళ్లి నా సంచికి తాడు కట్టాడు.

గురువారం బస్సుకి దిగుతాను. జంబియానీకి టికెట్లు ఎక్కడిస్తారో కనుక్కో. ముందు మాత్రం మీ లీలాధర్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లు. నీ మీద కోపం ఇంకా పోలేదు, వెంట తెస్తున్నాను. హాల్లో చాప కాస్త వెడల్పుగా పరిపించు.

కిబీబీ